నోట్‌బుర్గా వాకిట్లో మంచు నిలవదు

మంచుకొండల మధ్య ఓబర్‌మోస్ ఊళ్లో నోట్‌బుర్గా ఇంటి ముందు పాలబండి కూడా ఆగేది కాదట. ఎంత మంచు పడనీ... వీధి నుంచి ఆ ఇంటి గోడదాకా మూరెడు వెడల్పున నల్లటి బాట. రోజూ ఎవరో నడుస్తున్నట్టు.

ఆవిడ పోయి ఏడాదైంది. శవం నేలమాళిగలో దొరికింది. పైన మెత్తటి మంచం ఉండగా ఆ చీకటికొట్లోకి ఎందుకు దిగిందో ఎవరికీ అంతుపట్టలేదు.

"వేడి కోసం తిరుగుతోంది," అని గుసగుసలు.

ఇళ్లు వెచ్చగా ఉండేందుకు గొట్టాల్లో వేడినీళ్లు పంపే బాయిలర్ ఊరి సహకార సంఘానిదే. మొదటి సమావేశంలో ఆవిడ మొగుడు "అడవిని మింగే భూతం" అని దాన్ని తిట్టిపోసి వెళ్లాడు. అతను పోయాక, పొయ్యి పగిలాక, ఆవిడే వచ్చి తన ఇంటికీ వేడి ఇమ్మని, సభ్యత్వం అడిగింది. సభ్యులు చేతులెత్తి ఓటేశారు — వచ్చే ఏడు చూద్దామని.

ఆ వారం బాయిలర్ వంతు రోస్విటాది. పారతో చెక్కపేళ్లు ఎగదోస్తుంటే సంఘం పెద్ద కోర్బీనియన్ నవ్వాడు.

"ఆ బాట సంగతేంటో చూసిరా వదినా. దెయ్యం కనిపిస్తే సభ్యత్వం ఫారం నింపమను!"

రోస్విటాకు నవ్వు రాలేదు. ఆ రోజు లేచిన చేతుల్లో తనదీ ఉంది. దెయ్యం లేదని తేలితే తప్ప ఆమెకు నిద్ర పట్టేలా లేదు.

సాయంత్రం ఐదింటికే చీకటి. బాట మీద కాలు పెట్టింది... మెత్తగా దిగబడింది. ఇంట్లోంచి — టక్... టక్...

లోపలికెళ్లి నేలమాళిగ మెట్లు దిగింది. కిటికీ అద్దానికి మంచు పేరుకుని ఉంది. మూలనుంచి మాత్రం మొహానికి వెచ్చటి ఊపిరి తగిలింది.

టార్చి వేసింది.

గొట్టం! రోడ్డు తవ్వినప్పుడు ఇంటింటికీ వేసిన గొట్టమే, ఆ బాట కిందుగా వచ్చింది; టక్ టక్ దానిదే. గడ్డకట్టి పగలకుండా వేడినీళ్లు ఈ గోడదాకా వచ్చి తిరిగి పోతూనే ఉన్నాయి. ఇంట్లోకి వదిలే వాల్వుకు సంఘం వేసిన సీసపు ముద్ర అలాగే ఉంది.

హమ్మయ్య... అనుకోబోయింది.

వేడి పోకుండా గొట్టానికి చుట్టిన దళసరి తొడుగు మూరెడు మేర కత్తితో కోసి ఉంది. దాని పక్కనే పాలు పితికే పీట. పీట మీద దుప్పటి.

ముద్ర మాత్రం ముట్టుకోలేదు ఆ పిచ్చితల్లి.

రోస్విటా తిరిగొచ్చేసరికి కోర్బీనియన్ బాయిలర్ మంట ముందు చేతులు కాచుకుంటున్నాడు.

"ఏం వదినా, కనిపించిందా?"

"కనిపించింది."

"ఎన్ని తలలేమిటి?"

"తలల్లేవు. అన్నీ చేతులే... ముప్పై ఎనిమిది. అందులో ఒకటి నాది." పార తీసి అతని కాళ్ల దగ్గర పడేసింది. "అందరికంటే ముందు లేచింది — నువ్వు కాచుకుంటున్నావే, అదీ."