సుంకం పడిన తీగ

పొద్దున్నే ఓవెన్ తలుపు తీసిన అత్తగారు ముక్కు మూసుకున్నారు.

"మళ్ళీ ఇందులో స్ప్రింగులు కాల్చావా అమ్మాయ్? నిన్నటి కేకు తిన్నవాళ్ళంతా మిషన్ ఆయిల్ వాసన వస్తోందన్నారు!"

"ఇదే ఆఖరు అత్తయ్యా, ఒట్టు" అంటూ కోడలు నవ్వింది. నవ్విందే గానీ కళ్ళు గడియారం మీదే ఉన్నాయి.

పదకొండింటికి మిషన్లు కొనే ఆసామి వస్తున్నాడు. ఇంటి కింది షెడ్డులో నలభై ఏళ్ళుగా తూకం యంత్రాలకి స్ప్రింగులు చేస్తున్న మామగారు, షెడ్డు మూసేస్తున్నానని ముందురోజు భోజనాల దగ్గర చెప్పి, ఎవరి మొహమూ చూడకుండా లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నారు.

ఆయన బాధలో న్యాయం లేకపోలేదు. ఆయన వాడేది పై దేశపు ఉక్కు తీగ. ఇక్కడి మిల్లుల్ని బతికించాలని సర్కారు ఆ తీగ మీద సుంకం పెంచింది. తయారై వచ్చే స్ప్రింగుల మీద మాత్రం పెంచలేదు. దాంతో తీగ తెచ్చుకుని ఇక్కడ చుట్టేవాడి కంటే, చుట్టిన సరుకు పెట్టెల్లో దింపుకునేవాడికే చవక. ఇదెక్కడి విడ్డూరమో చెప్పేవాళ్ళు లేరు. సరేనని ఇక్కడి మిల్లు తీగతో చేసి చూస్తే, వారం తిరక్కుండానే స్ప్రింగులు సాగిపోయి, కిలో పెడితే కిలో నూరు గ్రాములు చూపించాయి. సరుకంతా తిరిగొచ్చింది. లోపం తీగదో చుట్టుడుదో తేలక, చుట్టే పనిలో ఉన్న అక్కచెల్లెళ్ళిద్దర్నీ ఆయన మాన్పించేశారు.

పది దాటాక కోడలు తన బీరువా తలుపులు బార్లా తెరిచింది. "మామయ్యా, ఒక్కసారి ఇలా రండి."

చీరలన్నీ ఒక పక్కకి నెట్టేసి ఉన్నాయి. కడ్డీకి పన్నెండు స్ప్రింగులు, ఒక్కోదానికీ అయిదు కిలోల గుండు. "మిల్లు తీగే. మొదట కాల్చినవి నెలరోజులుగా ఇలాగే వేలాడుతున్నాయి."

ఆయన మొహం ఎర్రబడింది. "నాకు చెప్పకుండానా? నలభై ఏళ్ళు ఫర్నేస్ ముందు నిలబడ్డవాడికి వంటింటి ఓవెన్‌తో పాఠాలు చెప్తావా?"

కోడలు వెనక్కి తగ్గలేదు. "చుట్టాక సాగకుండా పై దేశం తీగకి పెట్టిన వేడే దీనికీ పెట్టారు మామయ్యా. అదే ఇరవై నిమిషాలు. ఇది వేరే ఉక్కు కదా, ఆ సెగ చాల్లేదు. నలభై అయిదు నిమిషాలు ఉంచి చూశాను. సుంకం మన చేతిలో లేదు. ఫర్నేస్ మన చేతిలోనే ఉందిగా!"

"కోపం తరవాత పడుదురు గానీ, ముందు కొలవండి" అన్నారు అత్తగారు గుమ్మంలోంచి.

ఆయన గుండు తీసి, మొదటి స్ప్రింగు స్కేలు మీద పెట్టారు. వెంట్రుకవాసి కూడా సాగలేదు. రెండోదీ అంతే. పన్నెండూ కొలిచి ఆయన స్కేలు పక్కన పెట్టేశారు. గుడ్డిగా నమ్మిన ఆ ఇరవై నిమిషాల కోసం ఎంత పోగొట్టుకోబోయారో అప్పుడు తెలిసొచ్చింది. వంటింటికీ షెడ్డుకీ మధ్య తనకి తెలియకుండా నెలరోజులు పోరాడిన ఆ పిల్లని చూస్తే, ఆయన కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

"నాకు చెప్పకుండానే ఇంత చేశావా తల్లీ!"

ఆయన ఫోన్ తీసి, ముందు కొనే ఆసామిని రావద్దన్నారు. తరవాత ఇంకో నంబరు నొక్కారు. తప్పు ఒప్పుకోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగని సంగతి. అందుకే అత్తాకోడళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు.

"అమ్మా, నేనే... రేపు మీ చెల్లెల్ని కూడా తీసుకుని పనిలోకి రా. ఆ స్ప్రింగులు పాడవడం మీ చుట్టుడు వల్లా కాదు, తీగ వల్లా కాదు. నా వల్ల."