నాలుగు పడితే చాలదు

సందు చివర ఆ పాత ప్రసూతి ఆసుపత్రి ఉంది చూశారూ… దాని గురించి చీకటి పడ్డాక మాట్లాడకూడదంటారు. మాట్లాడకూడదంటూనే అందరూ మాట్లాడతారు, అది వేరే సంగతి.

ఆసుపత్రి మూతపడి ఆరేళ్లయింది. అన్నేళ్లూ అందులో దెయ్యం అనేదే లేదు. పాపం, ఖాళీగా పడుంది. ఈ ఏడు వానలు మొదలయ్యాకే దిగింది. మొదట విన్నది ఎదురుగా ఉన్న మందుల షాపాయన. రాత్రి షట్టరు దించుతుంటే పై అంతస్తులోంచి ఓ ఆడగొంతు…

"నాడి అందడం లేదు… ఇంకా మూడే మిగిలాయి…"

ఏం మూడు? ఎవరి నాడి? ఆయన ఆగి అడగలేదు. షట్టరు సగంలో వదిలేసి ఇంటిదారి పట్టాడు. తర్వాత వారం ట్యూషన్ టీచరమ్మ చూసింది. రంగు పూసిన కిటికీ అద్దం వెనక సన్నటి వెలుతురు, దాని ముందు నుంచి మెల్లగా కదిలిన ఒక చెయ్యి… ఆరేళ్లుగా కరెంటు లేని ఇంట్లో. అంతే, చీకటి పడితే ఆ సందులో మనిషి జాడ లేకుండా పోయింది.

సరిగ్గా ఆ ఇంట్లోకే ఒక గురువారం రాత్రి ఏడున్నరకి కళ్లజోళ్లాయన ఒక్కడే వెళ్లాడు. ఎందుకెళ్లాడో తెలియాలంటే ముందు ఆయనకున్న పిచ్చి సంగతి చెప్పాలి.

కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీయడం ఆయన పని. నలభై ఆరేళ్ల మనిషి, బుద్ధిమంతుడు, ఎవరి జోలికీ పోడు. కుర్రతనంలో వీడియో గేముల పిచ్చి ఉండేది. మాటకి మాట చెప్పే మనిషి అందులో లేడని, బల్ల మీద ఆడే ఆటలోకి దిగాడు. శనివారం సాయంత్రమైతే చాలు, అట్టముక్కలు, రంగు పెన్సిళ్లు, ఇరవై ముఖాల పాచికలు ముందేసుకుని, ముగ్గురు స్నేహితులని చుట్టూ కూర్చోబెట్టి కథ చెబుతాడు. ఆ కథలో టైలరు కత్తివీరుడు. లిఫ్టు మెకానిక్కు గజదొంగ. లైబ్రరీ గుమాస్తా ఆకులవ్వ అనే ముసలి వైద్యురాలు. ఎవరేం చేస్తారో వాళ్లే చెప్పాలి. అది కుదిరిందా బెడిసిందా అన్నది పాచిక చెబుతుంది. పెద్ద అంకె పడితే గట్టెక్కినట్టు, చిన్నది పడితే గోవిందా. ఆ లోకంలో కొండలూ కోటలూ రాక్షసులూ అన్నీ ఆయన కట్టుకున్నవే.

ఎనిమిదేళ్లుగా ఒకటే కథ. చివరి యుద్ధం ఒక్కటే మిగిలింది.

అక్కడొచ్చింది చిక్కు. వానలు మొదలైన రోజుల్లో లైబ్రరీ గుమాస్తాకి ముసలమ్మ వేషం మొహం మొత్తింది. తనకీ ఓ కత్తి కావాలని కూర్చున్నాడు. సరే కదా అని కళ్లజోళ్లాయన ఆ శనివారం కథలో ఉప్పు వంతెన దాటుతుంటే ఆకులవ్వ కింద ఓ పలక విరగ్గొట్టాడు. పాచిక వేశారు. ఒకటి పడింది. ఆకులవ్వ లోయలో పడిపోయింది. రెండు నిమిషాల పని. టీ తాగి, కథలో ముందుకి సాగారు.

మర్నాడు పొద్దున్నే ఆయన భార్య చెప్పింది.

"ఏవండీ, మీ ఆట ఇంకెక్కడైనా పెట్టుకోండి. అమ్మకి నిద్ర పట్టడం లేదట."

అమ్మంటే ఈయనకి అత్తగారు. నర్సుగా రిటైరై, వీళ్లింట్లోనే పక్క గదిలో ఉంటారు. అత్తగారికీ అల్లుడికీ మధ్య ఏ మాటైనా కూతురి మీదుగానే నడుస్తుంది. నేరుగా మాట్లాడుకున్నవి ఏడాది మొత్తం పోగేసినా ఓ పోస్టుకార్డు నిండదు. పొడిచెయ్, నరికెయ్, చచ్చాను అని నలుగురు మగవాళ్లు అరిచే మాట నిజమే కాబట్టి అల్లుడు నోరెత్తకుండా పాచికల డబ్బా సర్దుకున్నాడు.

నాలుగు నెలలు తిరిగారు. టైలరు షాపులో కూర్చుంటే కొలతలివ్వడానికి ఎవరో ఒకరు వచ్చేవారు. మెకానిక్కు గదిలో తలుపు మూయాలంటే ఒకరు లేచి బయటికి పోవాలి. లైబ్రరీలో పాచిక పడ్డ చప్పుడికే నలుగురినీ బయటికి పంపేశారు, గుమాస్తాతో సహా. చివరికి టైలరు చెప్పేశాడు.

"గురూ, ఈ శనివారం దాకా చూస్తాను. చోటు దొరక్కపోతే శనివారాలు కూడా షాపు తెరుచుకుంటా."

"నేనూ డ్యూటీ వేయించుకుంటా," అన్నాడు మెకానిక్కు.

కళ్లజోళ్లాయనకి ఆ రాత్రి అన్నం సహించలేదు. ఏడుపొక్కటే తక్కువ. ఎనిమిదేళ్లు కట్టిన కథ చివరి యుద్ధం లేకుండా ఆగిపోవడమంటే మాటలా. వేరేవాళ్లకి నవ్వులాటే, ఆయనకి మాత్రం గుండెలో రాయి పడ్డట్టే ఉంది.

అలాంటప్పుడు గుర్తొచ్చింది ఆసుపత్రి. ఇళ్ల బ్రోకరుని అడిగితే ఆయన ఓసారి ఎగాదిగా చూశాడు.

"తాళం నా దగ్గర లేదు సార్. ఓనరు డాక్టరమ్మ ఎవరికిచ్చిందో తెలీదు. వెనక తలుపు గడియ ఊడింది, తోస్తే వస్తుంది. మీరు ఒక్క గంట లోపల కూర్చుని తిరిగొస్తే దెయ్యం మాట పోతుంది, ఆవిడతో మాట్లాడి నేనే ఊరికే ఇప్పిస్తా."

ఒక్క గంట. దెయ్యాల గురించి ఈయనకి తెలిసినంత దెయ్యాలకే తెలీదు. ఆయన ఆటలో పదకొండు రకాలని లెక్క. ఏ రకానికి ఎంత ప్రాణం, ఏది గోడలోంచి వస్తుంది, ఏది వెలుతురుకి జడుస్తుంది… అన్నిటికీ పట్టిక వేసి పెట్టుకున్నవాడు. కాబట్టి భయమేం లేదని చెప్పుకున్నాడు. దారిలో మూడుసార్లు చెప్పుకున్నాడు.

గురువారం సాయంత్రం ఇంట్లో ఎవరూ లేరు. టార్చిలైటు, గళ్ల నోటుబుక్కు, పెన్సిలు, జేబులో ఒక పాచిక, నేల గట్టిదో కాదో పొడిచి చూసుకోవడానికి ఓ పొడుగాటి కర్ర. ఇంత సరంజామాతో బయల్దేరాడు.

వెనక తలుపు తోశాడు. కిర్రుమంది.

లోపల ఫినాయిలు వాసన… ఆరేళ్లయినా పోలేదు. టార్చి వెలుతుర్లో బరువు చూసే యంత్రం, వరసగా బెంచీలు, గోడ మీద టోకెన్ నంబర్ల బోర్డు. ఆయన అడుగులు లెక్కపెట్టుకుంటూ, కర్రతో పొడుచుకుంటూ, ప్రతి గదినీ గళ్ల నోటుబుక్కులో గీసుకుంటూ నడిచాడు. ఎవరైనా చూసుంటే దెయ్యం ఈయనే అనుకునేవారు.

మెట్ల దగ్గరికి వచ్చాడు.

పైన… టంగ్. టకటకటక.

ఆగిపోయాడు. ఎలుక కాదు. గాలి కాదు. ఆ దొర్లడం ఆయనకి తెలుసు. నిద్రలో కూడా గుర్తుపడతాడు. ఇరవై ముఖాలున్న వస్తువు ఒక్కటే అలా దొర్లుతుంది. కాకపోతే బల్ల మీద కాదు, ఏదో ఇనుము మీద.

"పదిహేడు…" అని గుసగుస.

"బతికింది…" అని ఇంకో గుసగుస.

టార్చి ఆర్పేశాడు. ఎందుకు ఆర్పాడో ఆయనకీ తెలీదు.

"ఉప్పు వంతెన కింద… ఇంకా చీకటిగానే ఉంది," అంది మొదటి గొంతు.

ఉప్పు వంతెన. ఆ మాట ఈ భూమ్మీద నలుగురికి తెలుసు. అది ఆయన బుర్రలో పుట్టిన వంతెన. ఏ ఊళ్లోనూ లేదు, ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన అద్దాలు అరగదీస్తూ ఒక మధ్యాహ్నం అనుకున్నది.

అప్పుడు మూడో గొంతు పలికింది. ముసలి గొంతు, నెమ్మదిగా, ఊపిరి కూడదీసుకుంటూ…

"నేను ఆకులవ్వని. నన్ను చంపినవాడు ఈ చుట్టుపక్కలే ఉన్నాడు."

ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. పదకొండు రకాల పట్టికలో ఇది లేదు. మనిషి చచ్చి దెయ్యమవడం విన్నాం. అట్టముక్క మీద రాసుకున్న మనిషి, పాచికలో ఒకటి పడి పోయిన మనిషి, దెయ్యమై రావడం ఎక్కడైనా ఉందా?

"కింద మెట్ల దగ్గర ఎవరో ఉన్నారు," అంది మొదటి గొంతు.

"ఎంతమంది?"

"ఒక్కడే. చేతిలో కర్ర. ఎక్కడానికి భయపడుతున్నాడు…"

"రానివ్వండి," అంది ఆకులవ్వ.

ఇలాంటప్పుడు మామూలు మనిషైతే పారిపోతాడు. కాళ్లు రాకపోతే కేకేస్తాడు. ఈయన ఏం చేశాడో తెలుసా… ఎనిమిదేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. పైకి వెళ్లే ధైర్యం తనకి ఉందో లేదో తెలుసుకోవడానికి పాచిక తీసి మెట్టు మీద వేశాడు.

టక్. టకటక… టక్.

పైన అంతా నిశ్శబ్దం.

చాలాసేపటికి గుసగుసగా ప్రశ్న వచ్చింది.

"ఎంత పడింది?"

ఆయన టార్చి వెలిగించి చూశాడు. అబద్ధం చెప్పొచ్చు. చీకటి, ఎవరు చూడొచ్చారు. కానీ పాచిక విషయంలో జన్మలో అబద్ధమాడి ఎరగడు.

"నా… నాలుగు," అన్నాడు.

"చాలదు," అన్నాయి నాలుగు గొంతులు ఒక్కసారిగా.

కర్ర చేతిలోంచి జారిపోయింది. గోడకి ఆనుకుని అలాగే కూలబడ్డాడు. అప్పుడు పైమెట్టు మీద వెలుతురు కనిపించింది. బ్యాటరీ దీపం పట్టుకుని ఎవరో వంగి చూస్తున్నారు.

"బాబూ, అక్కడ మూడో మెట్టు విరిగింది. చూసుకుని ఎక్కండి."

అత్తగారు.

పై గదిలో పాత డ్రెస్సింగ్ టేబుల్ చుట్టూ ఇంకో ముగ్గురు పెద్దావిడలు కూర్చుని ఉన్నారు. అందరూ రిటైరైన నర్సులే. మధ్యలో దూదీ కత్తెరా పెట్టుకునే వంపు తిరిగిన స్టీలు ట్రే, అందులో పాచికలు. ఒక్కొక్కరి ముందూ ఆసుపత్రి మూసేశాక మిగిలిన కేసు షీట్లు. జ్వరం గీతలు గీసే చోట తమ తమ వీరుల ప్రాణాలు ఎన్ని మిగిలాయో గీసుకున్నారు. ఎంత నీటుగా గీశారంటే, ఆ స్థితిలో కూడా ఆయనకి కుళ్లు పుట్టింది.

కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చారు. సగం తాగాక అడిగాడు.

"అత్తయ్యగారూ… మీరు ఇక్కడ…"

"ఇరవై రెండేళ్లు ఇక్కడే డ్యూటీ చేశాను బాబూ. తాళం డాక్టరమ్మ నాకే ఇచ్చారు."

"నాకు తెలీదండీ."

"మీరెప్పుడూ అడగలేదు," అన్నారావిడ. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు.

"కింద ఉన్నది నేనని ఎలా తెలిసిందండీ?"

"మొదట తెలీదు. మా ఆటలో వంతెన పలక కోసినవాడి కోసం వెతుకుతున్నాం. ఇవాళే వాడి గుహకి చేరాం, మెట్ల కింద నక్కి ఉన్నాడు. ఇంతలో నిజంగానే పాచిక చప్పుడైంది. నాలుగు పడితే నాలుగని చెప్పే దొంగ ఎవరుంటారు? గోడ అవతల నుంచి ఎనిమిదేళ్లు విన్న గొంతాయె."

"పలక ఎవరూ కొయ్యలేదండీ. దానంతటదే విరిగింది."

నలుగురూ ఆయన వైపు ఒకే రకంగా చూశారు. ఆయన టీ గ్లాసులోకి చూసుకున్నాడు.

"మా గోలకి మీకు నిద్ర పట్టడం లేదని…" అని నసిగాడు.

"గోల అని నేననలేదు. నిద్ర పట్టడం లేదన్నాను. మిగతాది అమ్మాయి కలిపి చెప్పి ఉంటుంది." ఆవిడ ట్రేలో పాచికలు సర్దుతూ ఒక క్షణం ఆగారు. "నలుగురున్నారు, లోయలో పడ్డ మనిషిని ఒక్కరైనా దిగి చూశారా? నాడి పట్టుకున్నారా? ఒకటి పడింది, పోయింది అని టీకి లేచారు. నలభై ఏళ్లు నేను చేసిన పని అది కాదు బాబూ. ఆ రాత్రి నిజంగానే ఏడ్చాను. సిగ్గేసి అమ్మాయికి చెప్పలేదు. అందుకే ఇక్కడ మేమే లోయలోకి దిగి ఆకులవ్వని బతికించుకుంటున్నాం."

ఆ మాటకి కళ్లజోళ్లాయన టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆయన కథ విని ఇన్నేళ్లలో ఎవరూ ఏడవలేదు. టైలరైతే యుద్ధం మధ్యలో ఆవలిస్తాడు.

"తప్పయిపోయిందండీ," అన్నాడు. కాసేపటికి, వచ్చిన పని గుర్తొచ్చి, ఉన్నదంతా చెప్పేశాడు. శనివారం దాకానే గడువని, చోటు లేకపోతే అంతా ఆగిపోతుందని.

ఆవిడలు నలుగురూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుకున్నారు. బయట సందులో ఎవరో పరుగెత్తిన చప్పుడైంది.

"శనివారం గది ఖాళీయే. మీవాళ్లని తీసుకురండి," అన్నారు అత్తగారు. "ఇవాళ్టికి మాత్రం మాతో కూర్చోండి."

"నేను కథ నడుపుతానండీ, ఆడటం రాదు."

"తెలుసు. ఇప్పుడేం చేస్తావని వాళ్లని అడుగుతూనే ఉంటారు. మిమ్మల్నెవరూ అడగరు. గోడ అవతల కూర్చుని పాపం అనుకునేదాన్ని."

ఆవిడ దీపం కొంచెం తగ్గించారు. గొంతు మారింది. ఇంట్లో ఎన్నడూ వినని గొంతు, నిదానంగా, మెత్తగా ఉంది.

"ఉప్పు వంతెన మీంచి పడిపోయారు. కాలు విరిగింది. చుట్టూ చీకటి. మీవాళ్లు మిమ్మల్ని వదిలేసి ముందుకెళ్లిపోయారు. ఎక్కడో పైన, లాంతరు పట్టుకుని ఒక ముసలావిడ నెమ్మదిగా దిగుతోంది. మీరు పలక విరగ్గొట్టింది ఆవిడ కిందే. ఇప్పుడేం చేస్తారు బాబూ?"

ఆయన నోరు తెరిచాడు. ఏ రాక్షసుణ్ణి ఎలా చంపాలో వంద ఉపాయాలు తెలిసినవాడు, ఒక్కటీ తోచలేదు. ఎదురుగా కూర్చున్న సన్నటి పెద్దావిడ, ఆకులవ్వ ఆవిడే, పాచిక గుప్పిట్లో పట్టుకుని ఎదురుచూస్తోంది. జవాబు చెప్పడం ఇంత కష్టమని ఎనిమిదేళ్లలో ఆయనకి తెలీలేదు.

"సాయం అడుగుతానండీ," అన్నాడు చివరికి.

అత్తగారు కొత్త కేసు షీటు ఒకటి తీసి, పైన అల్లుడి పేరు రాసుకున్నారు.