సముద్రం వైపు తిరిగిన కర్రోడు

ఆ సాయంత్రం ఈశ్వరి చేతిలో ఉన్నదల్లా ఇంతే: ఎండిపోయిన కుంచెలు, తన మాట వినని మొగుడు, ఒడ్డున కూర్చుని ఇంటికి రానంటున్న అత్త. ఇంతటి పెట్టుబడితో ఏ సంసారమైనా నిలబడుతుందా!

వాళ్ళ ఇల్లు యారాడలో, ఫోటో ఫ్రేముల కొట్టు మల్కాపురంలో. ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్ల వాళ్ళు తమ కుక్కల బొమ్మలు, చిలకల బొమ్మలు గీయించుకోవడానికి ఆ కొట్టుకే వచ్చేవారు. గీసేది ఈశ్వరి. ఆ జీవాన్ని ఒకసారి ఒళ్ళోకి తీసుకుని తడమందే ఆమె చెయ్యి కదిలేది కాదు. అందుకే ఆలస్యం. మొగుడు నాగబాబు కంప్యూటర్ కొన్నాక, ఫోటో ఇచ్చిన మనిషి టీ తాగి వచ్చేలోపే రంగుల బొమ్మ తయారు! బేరం తెలిసినవాడెవడైనా దేన్ని ఎంచుకుంటాడు? ఈశ్వరి అతన్ని తప్పుపట్టలేకపోయింది... కుంచెలు అటకెక్కించి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కానీ కర్రోడి సంగతి వేరు. కర్రోడంటే, ఈశ్వరి మావయ్య దాలయ్య పెంచిన నల్ల కుక్క. కొన్నేళ్ళ క్రితం చేపల వేటకెళ్ళిన దాలయ్య పడవ తిరిగి రాలేదు. మనిషీ దొరకలేదు. ఆనాటి నుంచి ఆ కుక్క ఒడ్డున పాత తెప్ప పక్కన, ఇంటికి వీపు పెట్టి, సముద్రాన్నే చూస్తూ కూర్చునేది. శవం కనబడలేదు కాబట్టి అత్త గంగాలమ్మ బొట్టు చెరపలేదు, గాజులు తీయలేదు. "కర్రోడు కాపలా ఉన్నాడు గదా! మీ మావొత్తే ఆడే అరిసి సెప్తాడు," అనేది.

ఆ కర్రోడు కాస్తా చనిపోయింది. ఇక పొద్దు వాలగానే గంగాలమ్మే వెళ్ళి ఆ చోట కూర్చోవడం మొదలుపెట్టింది. అల వచ్చి నడుము దాకా తడిపినా లేచేది కాదు! ఏదో ఒక సాయంత్రం ఆ అలతోనే వెళ్ళిపోతుందేమోనని ఈశ్వరి ప్రాణం గిలగిలలాడేది...

తల్లిని ఓదార్చాలని నాగబాబు కంప్యూటర్‌లో బొమ్మ చేసి, ఫ్రేము కట్టి తెచ్చాడు. అందులో కర్రోడు మెరిసే కళ్ళతో ఎదురుగా చూస్తోంది.

"ఇదుగోనమ్మా, నీ కర్రోడు! పేనమున్నట్టు లేడేటి?"

గంగాలమ్మ ఒక్కసారిగా వెనక్కి తగ్గింది. "ఒరే... ఇది నన్ను సూత్తందిరా!"

"సూత్తే మంచిదే గదే!"

"నన్ను సూత్తే మరి సముద్రాన్నెవులు సూత్తారు?"

నాగబాబుకి పట్టుదల ఎక్కువ. మర్నాడు కుక్క వీపే కనబడేలా ఇంకో బొమ్మ చేసుకొచ్చాడు. గంగాలమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"ఇది ఎవుల కోసం కూకుంది?"

"ఎవుల కోసమేటమ్మా! బొమ్మే గదా!"

"అదేరా మరి," అని ఆమె లేచి ఒడ్డుకు వెళ్ళిపోయింది.

ఈశ్వరి అటక మీది కుంచెలు దించింది.

"నీకూ పిచ్చెక్కిందేటే?" నాగబాబు విసుక్కున్నాడు. "కంప్యూటరు సెయ్యనేంది నీ సెయ్యి సేసీత్తాదేటి?"

"సేత్తాదో నేదో నాకు తెల్దు బావా! అత్త పక్కన ఒక మనిసి కూకోవాలి గదా..."

వెళ్ళి తెప్ప పక్కన చతికిలబడింది. గంగాలమ్మ కయ్యిమంది. "ఇంట్లో పన్నేదేటే? కోడలివా, పోలీసోడివా?"

"నీకు మొగుడైతే నాకు మావ గదత్తా! నానూ సూత్తాను."

గంగాలమ్మ కాస్త పక్కకి జరిగింది. అలా రోజూ పొద్దు వాలేవేళ అత్త అలల్ని చూస్తుంటే, కోడలు ఇసకలో కూర్చుని కర్రోడి బొమ్మకి నల్లరంగు అద్దుతూ పోయింది. కొన్నాళ్ళకి అత్త చూపు మెల్లగా బొమ్మ మీదికి జారింది.

"ఆ సెవి సూడు, ఎంత నున్నగా ఏసినావో! గేలం తగిలి సిరిగిపోనేదేటి?"

ఈశ్వరి చెవి దిద్దింది.

"ఈపు మీద అంత కండేటే? మీ మావ పోనాక ఆడు కడుపునిండా తిన్నాడేటి? ఎముకలు తేలిపోనాయి గదా..."

ఈశ్వరి కుంచె ఆగిపోయింది. మావ పోనాక! ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని మాట! తన నోట వచ్చిన మాట గంగాలమ్మకూ వినబడింది. గాజుల చేతిని గుండెకు అదుముకుంది.

"పోనాడు గదే అమ్మీ... నాకు తెలుసే! కర్రోడికీ తెలుసే! అయినా ఆడు ఇక్కడినుంచి నెగలేదు... ఆడు నెగకుండా నానెలా నెగుతానే!"

ఈశ్వరి రంగు చేతులతోనే అత్తను దగ్గరికి లాక్కుంది. ఆ ముసలి ఒంట్లో ఇంత ఏడుపు ఇన్నేళ్ళు ఎక్కడ దాగిందో! కొట్టు నుంచి వస్తూ నాగబాబు ఇద్దరినీ చూసి, దగ్గరికి రావడానికి భయపడి దూరంగా నిలబడిపోయాడు.

బొమ్మ పూర్తయిన సాయంత్రం గంగాలమ్మ దాన్ని తనే మోసుకొచ్చి, సముద్రం కనబడే కిటికీ పక్కన పెట్టించింది. "నువ్వు కూకుని ఏసినావు గనక ఈడూ కూకున్నాడు. ఇంక నాను కూకోనక్కర్నేదు," అంది.

నాగబాబు తల దించుకుని, "కొట్టుకి రాయే! బల్ల కాళీ సేసి ఉంచుతాను," అన్నాడు భార్యతో.

చివరికి లెక్క చూసుకుంటే, దాలయ్య తిరిగి రాలేదు. కొట్టుకొచ్చేవాళ్ళలో చాలామంది ఇప్పటికీ కంప్యూటర్ బొమ్మే అడుగుతారు. గంగాలమ్మ బొట్టు చెరపలేదు, ఎవరూ చెరపమని అడగలేదు. దీపం పెట్టేవేళకి ఆమె కిటికీ దగ్గరికి వచ్చి, "ఏరా, ఏటైనా కనబడిందేటి?" అని ఆ నల్లటి వీపును అడుగుతుంది. జవాబు కోసం కాసేపు ఆగుతుంది... తరవాత తనే తలుపు గడియ వేస్తుంది, లోపలి నుంచి. ఈశ్వరికి దక్కిన లాభమంతా ఆ గడియ చప్పుడే!