రీస్టార్ట్ చేయమన్న అతిథి

సర్వర్ చూసుకునే ఇంజినీరు ఆఫీసు లిఫ్టులో శవమై దొరికిన మర్నాడు మధ్యాహ్నం, ఆ సర్వర్‌కు పిచ్చెక్కింది.

గూఢచారి సంస్థ చీఫ్, నిదానం అనే ఏజెంటును పిలిపించాడు. ఆ పేరు తోటి ఏజెంట్లు పెట్టింది. కొంప అంటుకున్నా బూట్ల లేసులు కట్టుకునే బయటికి వస్తాడని వాళ్ళ ఫిర్యాదు.

"పైకి అది పూల దుకాణం వెబ్‌సైట్," అన్నాడు చీఫ్. "పరాయి దేశంలో మనవాళ్ళెవరైనా తెల్ల గులాబీలు ఆర్డర్ చేస్తే, దాక్కోవాల్సిన ఇంటి అడ్రసు వెళ్తుంది. మూడింటికి మన ఏజెంట్ కోయిల ఆర్డర్ చేస్తుంది. ఆమెను తరుముతున్నారు."

నిదానం గోడ గడియారం చూశాడు. కోయిల అతని సొంత అక్క.

ఇద్దరూ వెళ్ళేసరికి సర్వర్ గదిలో ఫ్యాన్ల రొదకు మాట సరిగా వినపడటం లేదు. మిత్రదేశం పంపిన సలహాదారు, అందరూ మేడమ్ అని పిలిచే అందగత్తె, అప్పటికే అక్కడుంది. నల్ల కోటు, ముత్యాల దుద్దులు, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్.

ఏ ప్రోగ్రాం ఎంత భారం వేస్తోందో చూపే 'టాప్' కమాండ్ కొట్టాడు నిదానం. ఒకే ఒక్క ప్రాసెస్ సీపీయూ మొత్తాన్నీ మింగేస్తోంది. మిగతావాటికి ఊపిరాడటం లేదు.

"కిల్ చేసి, సర్వర్ రీస్టార్ట్ చేయండి. ఎవరైనా చేసేది అదేగా," అంది మేడమ్.

నిదానం చేయి కీబోర్డు మీద ఆగిపోయింది. ఎవరైనా చేసేది అదే. ఆ సంగతి శత్రువుకు మాత్రం తెలియదా?

కిల్ చేయలేదు. స్టాప్ సిగ్నల్ పంపి ఆ ప్రాసెస్‌ను ఉన్నచోటే నిలబెట్టాడు.

"టైమ్ వృథా చేస్తున్నారు."

"నా అలవాటండీ."

డిస్కులో ప్రోగ్రాం ఫైలు తేదీ చూశాడు. నిన్న సాయంత్రం ఎవరో మార్చారు. అప్పటికే ఇంజినీరు ప్రాణం పోయింది. మెమరీలో నడుస్తున్నది మాత్రం పాత ప్రోగ్రామే. రీస్టార్ట్ చేస్తే శత్రువు పెట్టింది లేచి, అక్కను నేరుగా వాళ్ళ గుమ్మంలోకే పంపేది.

నిలబెట్టిన ప్రాసెస్ నుంచి పాత ప్రోగ్రాంను కాపీ చేసి డిస్కులోకి ఎక్కించాడు. అంతలో ఫ్యాన్లు మళ్ళీ హోరెత్తాయి. ఇంకో ప్రాసెస్ తిరగబడింది. మూడవడానికి నిమిషం కూడా లేదు. దాన్ని రెచ్చగొడుతున్న రిక్వెస్టు ఎక్కడినుంచి వస్తోందో వెతికాడు.

ఈ గది వైఫై నుంచే.

"సార్, మేడమ్ గారి బ్యాగ్ తీసుకోండి," అన్నాడు తల తిప్పకుండానే.

చీఫ్ చేతిలో పిస్టల్ లేచింది. బ్యాగ్‌లో పౌడరు డబ్బా, దాని అద్దం వెనక వెలుగుతున్న చిన్న ట్రాన్స్‌మిటర్. నిదానం దాని నెట్‌వర్క్ అడ్రసును బ్లాక్ చేసి, తిరగబడ్డ ప్రాసెస్‌ను కూడా నిలిపేశాడు. ఈలోపు వచ్చి ఇరుక్కున్న తెల్ల గులాబీల ఆర్డర్ కదిలింది. ఊపిరాడిన మరో ప్రాసెస్ నుంచి సరైన ఇంటి అడ్రసు జవాబుగా వెళ్ళిపోయింది.

మేడమ్ తాపీగా లేచింది. "లిఫ్టు ఎక్కేటప్పుడు జాగ్రత్త," అంది నవ్వుతూ. ఆ నవ్వు ఆమెను తీసుకెళ్ళాక కూడా గదిలోనే ఉన్నట్టనిపించింది.

సాయంత్రానికి పూల దుకాణానికి కస్టమర్ అభిప్రాయం ఒకటి వచ్చింది.

"క్షేమంగా అందాయి. సైటు ఇంత నెమ్మదిగా నడిచిందంటే, అక్కడ కూర్చున్నది మా తమ్ముడేనా?"

కళ్ళు తుడుచుకుని "అవును" అని టైప్ చేయడానికి నిదానానికి అరగంట పట్టింది.