మొదటి గ్లాసు

పాలపొడి ఫ్యాక్టరీ కెమిస్టు తన లాబ్‌లోనే చచ్చిపడి ఉన్నాడు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు. అతని ఫోన్లోంచి చివరగా వెళ్ళిన మెసేజ్‌లో రెండే మాటలు: ‘మొదటి గ్లాసు.’

“ఆ ఫ్యాక్టరీ మిత్రదేశం మనకి సాయంగా కట్టించింది,” అన్నాడు గూఢచారి శాఖ బాస్, కళ్ళజోడు తుడుచుకుంటూ. “రేపే ప్రారంభోత్సవం. మంత్రిగారు, వాళ్ళ రాయబారి, కెమెరాలు. అందరి ముందూ ఒక పసిపిల్ల మొదటి గ్లాసు పాలు తాగుతుంది. ఈ రెండు దేశాల పొత్తు చూసి కడుపు మండే మూడో దేశం ఒకటుంది. వాళ్ళ ముఠా పని ఇది. పిల్ల అక్కడ పడిపోయిందో, సాయమూ స్నేహమూ గంగలో కలుస్తాయి.”

“రద్దు చేసెయ్యొచ్చుగా సార్?” అంది ఎదురుగా ఉన్న ఏజెంటు.

“చేస్తే ముఠా జారుకుంటుంది. తర్వాత ఏ బడిపిల్లల గ్లాసుల్లోనో విషం కలుపుతారు.”

ఆఫీసులో ఆమెని ‘మొద్దు’ అంటారు. సంతోషమైనా భయమైనా ఆ మొహంలో కనబడదు. కాన్పయ్యాక అవి లోపల ఆమెకి తెలియడం కూడా మానేశాయి. నిద్ర చాలకేమో అనుకుంది.

“నా కవర్?”

“తల్లి.”

“మరి పిల్ల?”

బాస్ ఆమె వంక చూడలేదు. “అద్దెపిల్ల నీ చంకలో ఇమడదు, ఏడుస్తుంది. ముఠా ఇట్టే పసిగడుతుంది. నీ పిల్లనే తీసుకెళ్ళు.”

గుండె దడదడలాడాలి. ఆడలేదు.

“సరే సార్.”

“గ్లాసు పాప నోటిదాకా రాదులే. ముఠాలో మన మనిషి ఉంది. రాయబారికి ఇంటర్‌ప్రెటర్. పాప పళ్ళ గురించి కోడ్ అడుగుతుంది. ఇదుగో, ఈ గిలక్కాయలో అలారం ఉంది. నొక్కితే మనవాళ్ళు వచ్చి వాలతారు.”

పాప ఆ గిలక్కాయని కారులోనే చప్పరించి చప్పరించి నానబెట్టింది. లోపల చుయ్‌మంది. డిపార్ట్‌మెంటు వారి లేటెస్ట్ గాడ్జెట్ కథ అంతటితో సరి.

హాల్లో పూలదండల వాసన, కొత్త పెయింటు వాసన. నీలం సిల్కు గౌనులో ఇంటర్‌ప్రెటర్ నడిచొస్తుంటే కెమెరామెన్ మంత్రిగారిని మర్చిపోయారు.

“పాపకి పళ్ళొచ్చాయా?”

“కొరకడం కూడా వచ్చింది.”

ఇంటర్‌ప్రెటర్ పాప బుగ్గ నిమురుతున్నట్టు వంగింది. “ప్లాన్ మారింది. విషం గ్లాసులో కాదు, వెనక ట్యాంకులో. పరిగెత్తండి. పాపని నాకివ్వండి. నాకూ ఇంట్లో ఇద్దరున్నారు, చూసుకుంటాను.”

మొద్దు పాపని ఇచ్చేసింది. మూట అందించినట్టు. పాప ఆమె కొంగు వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

తలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూసింది.

వేదిక మీద ఆవిర్లు కక్కుతున్న గ్లాసు. ఇంటర్‌ప్రెటర్ రుమాలుతో అందుకుంది. తిన్నగా పాప పెదాల దగ్గరికి తీసుకెళ్తోంది. ఊదలేదు. మణికట్టు మీద చుక్క వేసుకుని చూడలేదు.

ఇద్దరు పిల్లల తల్లి! నిద్రమత్తులో గ్లాసు చేతికిచ్చినా తల్లి చెయ్యి ఆ పని దానంతటదే చేస్తుంది.

మొద్దు పరిగెత్తింది. గ్లాసు పాప కింది పెదవిని తాకబోతుండగా ఒడిసిపట్టింది. కెమెరాలన్నీ తిరిగాయి. ఆమె మొహాన నవ్వు అతికించుకుంది.

“అయ్యో, వేడి చూడకుండా పట్టేస్తారా అమ్మా? ఒక గుక్క మీరు తాగి చూడండి.”

జనం గొల్లుమన్నారు. ఇంటర్‌ప్రెటర్ పెదాలు బిగుసుకున్నాయి.

“నాకు... పాలు పడవు.”

“కెమిస్టుకి సూదులు పడలేదు,” అంది మొద్దు, ఆమెకి మాత్రమే వినబడేలా. ఒక చేత్తో పాపని లాక్కుంది. ఫొటోగ్రాఫర్ల వేషంలో ఉన్న డిపార్ట్‌మెంటు మనుషులిద్దరు గొడవ చూసి వచ్చి, ఆ గ్లాసు అందుకుని, ఇంటర్‌ప్రెటర్‌ని చెరో రెక్కా పుచ్చుకుని నడిపించారు. పాపం ఆవిడకి కళ్ళు తిరిగాయని మైకులో ప్రకటించారు.

కెమెరాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మంత్రిగారు ఇంకో గ్లాసు కోసం చుట్టూ చూస్తున్నారు. మొద్దు సంచిలోంచి పాలసీసా తీసి, అందరికీ వీపు తిప్పి, వేరే గ్లాసులో వంచింది. మణికట్టు మీద చుక్క వేసుకుంది. వేడో చల్లనో తెలియలేదు. నాలుక్కి రాసుకుని చూసి, అప్పుడు పాపకి పట్టింది.

సాయంత్రం బాస్ ఫోన్ చేశాడు. “భయమేసిందా మొద్దూ?”

“తెలియలేదు సార్.”

“పాప?”

“పడుకుంది.” చెబుతూనే పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి తగిలింది. తీసి, మళ్ళీ పెట్టింది.

టీవీలో రెండు దేశాల జెండాల మధ్య పాప మూతికి తెల్లటి మీసం. ‘మిత్రదేశపు పాలకి మురిసిన పసిపాప!’

అవి వాళ్ళ వీధి పాలవాడి పాలు. అందులోనూ సగం నీళ్ళే.