ఖాళీ టేపు

ఆ కాలేజీ పాత హాల్లో పొద్దుగూకాక ఎవరూ ఒంటరిగా కూర్చోరు. ఖాళీ కుర్చీల మడత సీట్లు వాటంతటవే కిందికి వాలతాయట... ఎవరో కూర్చున్నట్టు కాసేపు అలాగే ఉండి, మళ్ళీ పైకి లేస్తాయట.

ఆ సాయంత్రం మాత్రం హాలు కిక్కిరిసిపోయింది. జ్ఞాపకాల్ని భద్రపరచడం మీద విద్యార్థులు తీసిన డాక్యుమెంటరీ వేస్తున్నారు. అందులో సగానికి సగం, అందరూ 'టేపులమ్మ' అని పిలిచే లైబ్రరీ ఆవిడే.

లైబ్రరీలో పాత క్యాసెట్లను కొత్తవాటిలోకి ఎక్కించడం ఆవిడ పని. ఇరవై ఏళ్ళుగా ఎవరెవరివో గొంతులు కాపాడింది. పక్కన కూర్చున్న భర్త, "హీరోయిన్‌గారూ, ఇకమీదట మాతో మాట్లాడతారా?" అని చెవిలో గొణిగాడు. ఆవిడ నవ్వలేదు.

సినిమా అయ్యాక ఆ ఇద్దరి కూతురి టేపు వినిపిస్తారు. ఆరేళ్ళ కిందట పోయిన పిల్ల. మిగిలింది ఆ ఒక్క గొంతే. వినే ధైర్యం లేక ఆయన ఇన్నాళ్ళూ దాన్ని ముట్టుకోలేదు. పదిమందిలో కూర్చుంటే వినగలనేమో అని, విద్యార్థులు అడగ్గానే తనే ఒప్పుకున్నాడు.

కానీ ఆ టేపులో ఏమీ లేదు...

పోయినేడు నకలు తీయబోయి, కంగారులో ఆవిడే అసలు టేపును రికార్డు చేసే మిషన్లో పెట్టింది, ఖాళీదాన్ని ప్లే చేసే మిషన్లో. వేల టేపుల్లో ఒక్కసారీ జరగని పొరపాటు. పిల్ల గొంతు మొత్తం చెరిగిపోయింది. ఎవరికీ చెప్పలేదు. ఆయనకైతే అసలు చెప్పలేదు.

సినిమా అయింది. లైట్లు వేయకుండానే టేపు పెట్టారు. సన్నగా సుయ్‌మనే చప్పుడు... అంతే.

ఒక నిమిషం. రెండు. లేచి ఆపేయమందామనుకుంది. కుర్చీ అంచు పట్టుకుని అలాగే కూర్చుంది. ఇప్పుడు ఆయన తనవైపు తిరుగుతాడు... అడుగుతాడు...

ఎవరూ కదల్లేదు. ముందు వరుసలో ఎవరో ముక్కు చీదారు. వెనక ఇంకెవరో వెక్కారు.

లైట్లు వెలిగాయి.

హాలంతా కళ్ళు తుడుచుకుంటోంది. సినిమా తీసిన అమ్మాయి వచ్చి ఆవిడ చేతులు ఒకసారి గట్టిగా పట్టుకుని వెళ్ళిపోయింది.

భర్త చెంపలు తడిసి ఉన్నాయి. "ఎంత స్పష్టంగా ఉందే... పక్కన కూర్చుని మాట్లాడినట్టే."

ఆవిడకు పిల్ల ఏమందని అడగడానికి కూడా భయమేసింది.

ఆయనే అన్నాడు, మెల్లగా —

"చివర్లో, 'అమ్మను ఏమీ అనకు నాన్నా, కావాలని చేయలేదు' అంది కదా... ఏం చేశావే?"