నిప్పురేడు నిద్రపోయే చోటు

"మీ దేవుడికి బుర్ర లేదేటి?"

ఫోనులో ఆ కామెంటు చూసేసరికి రోహిత్ చేతిలో ఉప్మా చెంచా అక్కడే ఆగిపోయింది.

రోహిత్‌ది కూర్మన్నపాలెం. వాళ్ల నాన్న నరసింహమూర్తి గారు గోదావరి జిల్లా నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. రోహిత్ కూడా ప్లాంటులోనే క్రేన్ ఆపరేటరు. డ్యూటీ దిగాక మాత్రం అతనికి ఇంకో లోకం ఉంది. పేరు ఏడునీళ్ల సీమ. దాన్ని పుట్టించింది అతనే. రాజులూ యుద్ధాలూ తర్వాత. ముందు ఆ లోకం ఎలా పుట్టింది, మొదటి దేవుళ్లెవరు, మొదటి పడవ ఎవరు చెక్కారు, ఆ పురాణమంతా రాసుకుంటున్నాడు. వారానికో ఎపిసోడ్ తనే చదివి యూట్యూబులో పెడతాడు.

ఆ పురాణంలో నిప్పురేడు అని ఒక దేవుడు. కొలిమిలో పుట్టాడు. సముద్రుడి కూతురు ఉప్పుగంగను ప్రేమించాడు. అతను నీళ్లలో దిగితే సముద్రం మరిగిపోతుంది. ఆమె ఒడ్డెక్కితే ఎండిపోతుంది. మరి ఇద్దరూ కలిసేదెలా? అదీ కథ.

పదకొండో ఎపిసోడ్‌లో నిప్పురేడు ఎదురుగాలికి తెరచాప ఎత్తి బాణంలా దూసుకుపోయాడు. దాని కిందే ఈ కామెంటు. పేరు నీలిమ.

"దేవుడండి బాబూ. ఏదైనా చేస్తాడండి," అని రాశాడు రోహిత్.

"దేవుడైతే ఏటి? గాలి గాలే. ఎదురుగాలికి అలా ఎత్తితే పడవ ఎనక్కి పోద్ది. అసలు నువ్వెప్పుడైనా పడవ ఎక్కేవా?"

"లేదండి."

"సముద్రమెప్పుడైనా సూసేవా?"

"బీచ్‌కి వెళ్తానండి. మొక్కజొన్న పొత్తు తింటానికి."

జవాబుగా పన్నెండు నవ్వు మొహాలు వచ్చాయి. వాటి కింద, "ఆదివారం పొద్దున్న ఏడింటికి ఫిషింగ్ హార్బర్‌కి రా. నీ దేవుడికి ట్రైనింగ్ ఇత్తాను."

* * *

నీలిమ హార్బర్ పక్కనే ఐస్ ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తుంది. వాళ్ల నాన్న ఎల్లారావుకి చిన్న ఫైబర్ పడవ ఉంది. ఒక్కతే కూతురు.

ఆ ఆదివారం రోహిత్ ఇస్త్రీ చొక్కా, తెల్ల బూట్లు వేసుకొచ్చాడు. చేపల నీళ్లలో రెండడుగులు వేసేసరికి బూట్లు బూడిద రంగుకి తిరిగాయి.

"ఓలమ్మ! పెళ్లిసూపులకి వచ్చినట్టు వచ్చేవేటి?"

"అదేం లేదండి," అన్నాడు గాని చెవులు ఎర్రబడ్డాయి.

"అండీ గిండీ ఒద్దు. నాను నీకన్నా రెండేళ్లు సిన్న. ప్రొఫైల్లో సూసేను."

అలా మొదలైంది. ప్రతి ఆదివారం ఒడ్డు మీదే నిప్పురేడుకి ట్రైనింగ్. గాలి ఎటు తిరిగితే ఏం చెయ్యాలి, నీటి రంగు మారితే దానర్థమేమిటి. ఆమె చెప్పేది, అతను రాసుకునేవాడు. వాన వస్తే ఐస్ ఫ్యాక్టరీ రేకుల కింద నిలబడేవారు. రేకుల మీద చప్పుడుకి మాటలు వినబడక దగ్గరికి జరిగేవారు. వాన తగ్గాక కూడా వెనక్కి జరగడం ఇద్దరూ మర్చిపోయేవారు.

అలాంటి ఒక వానలోనే రోహిత్ అడిగాడు. "జీపీఎస్ లేని రోజుల్లో సముద్రంలో చోటు ఎలా గుర్తుపెట్టుకునేవారు?"

"ఇప్పటికీ మా నాన్న నమ్మేది కొండల్నే." నీలిమ అతని నోటుబుక్కు లాక్కుని బొమ్మ గీసింది. "ఇది కొండ. దాని కుడిభుజం మీద గాటుంటాది. ఎనకాల తెల్ల టవరు సరిగ్గా ఆ గాటులో కూకోవాలి. ఇంకో పక్క జంట తాళ్లు, అదే తాడిచెట్లు, ఒకదానెనక ఒకటొచ్చి ఒకటైపోవాలి. రెండు గుర్తులూ కలిసిన సోట మా తాతరాయి. నీటడుగున బండ. వంజరం సేపలన్నీ అక్కడే. తాత నాన్నకి సెవిలో సెప్పేడు. నాన్న నాకు సెప్పేడు. మా అమ్మక్కూడా తెల్దు."

"మరి నాకెందుకు చెప్పావు?"

నీలిమ వాన వైపు చూసింది. "ఏమో. వచ్చేసింది."

మరుసటి నెలలో రోహిత్ నీలిమని పెళ్లి చేసుకుంటానని ఇంట్లో చెప్పాడు. అమ్మ మంగాయమ్మ రెండ్రోజులు వంటింట్లో గిన్నెల మీద కోపం చూపించింది. మూడోరోజు, "చేపల పులుసు బాగా పెడుతుందా?" అని అడిగింది. వచ్చే ఆదివారం ఎల్లారావు ఇంటికి వెళ్లి మాట్లాడదామని పెద్దవాళ్లు అనుకున్నారు.

ఆ ఆనందంలోనే ముప్పై ఒకటో ఎపిసోడ్ వచ్చింది. ఉప్పుగంగ తన నిప్పురేడుని సముద్రం అడుగున ఒక చల్లని బండ మీద నిద్రపుచ్చింది. అతని వేడి అక్కడే ఆరింది. ఆ చోటు మర్చిపోకుండా మొదటి పడవమనిషి ఒక పాట కట్టాడు:

*తెల్ల గోపురం కొండ ఎడమ భుజమెక్కిన చోట*
*జంట తాళ్లు ఒంటి తాడైన చోట*
*నిప్పురేడు నిద్దరోయే, సద్దు సేయకే కెరటమా!*

బాగా కుదిరిందని రోహిత్ తనకు తనే నాలుగుసార్లు పాడుకున్నాడు.

* * *

గురువారం మధ్యాహ్నం నీలిమ ఫోన్ చేసింది.

"ఏటి సేసేవు నువ్వు?"

"ఏమైంది?"

"నీ కథ ఇక్కడ కుర్రోళ్లందరూ పడవల్లో ఇంటారు. దుర్గారావు బావ పాట ఇన్నాడు. ఇది మన కొండే, మన టవరే, ఇదే ఎల్లారావు సోటు అనేసి పొద్దున్నే నాలుగు పడవలు అటు ఎల్లిపోనాయి!"

రోహిత్‌కి తింటున్న ముద్ద దిగలేదు, క్యారేజీ మూసేశాడు. "నీలూ, అది దేవుడి పాట అనుకున్నానే గాని..."

"మా తాత మాట అది. నాన్న మొహం నానెలా సూడాలి? ఆదివారం మీవోళ్లని రావద్దను." ఫోన్ పెట్టేసింది.

రోహిత్ సగంరోజు సెలవు పెట్టి బండి తీశాడు. హార్బర్ చేరేసరికి ఎల్లారావు ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన నీలిమ, ఏడ్చిన కళ్లతో.

"ఎల్లారావు గారండీ, ఆ పాట రాసింది నేనేనండి. నీలిమ తప్పేం లేదండి. నన్ను నమ్మి చెప్పింది. పురాణమంటే నిజంలా ఉండాలని నేనే వాడేశానండి. మీరు ఏమన్నా పడతానండి. ఆవిణ్ణి మాత్రం ఏమీ అనకండి."

ఎల్లారావు తల ఎత్తలేదు. సూది ఆడుతూనే ఉంది. "పడవలు రానీ."

గంట గడిచింది. నాలుగు పడవలూ వరసగా వచ్చాయి. ముందు దిగింది దుర్గారావు. మోకాళ్ల దాకా బురద. మొహం అంతకన్నా నల్లగా ఉంది.

"ఏరా దుర్గా, ఏటి పడింది?" అడిగాడు ఎల్లారావు.

"ఏటి పడతాది మావా! బురద! వలల్నిండా బురద, జెల్లీసేపలూ! నిప్పురేడూ లేడు, ఆడి బాబూ లేడు. డీజిల్ దండగ!"

దుర్గారావు తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. అప్పటిదాకా బిగబట్టిన ఎల్లారావు సూది కింద పడేసి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

నీలిమ అర్థంకాక చూసింది. "నాన్నా?"

"ఎడమ భుజం అన్నాడే మీవోడు! మన గాటు కుడిభుజం మీద కదేటి! ఈళ్లు టవర్ని ఎడమ భుజమెక్కించుకుని ఎక్కడికో పోనారు."

నీలిమ రోహిత్ వైపు తిరిగింది. "నాను కుడి అనే కదా సెప్పేను! బొమ్మ కూడా గీసేను!"

"గీశావు. కరెక్టో కాదో చూద్దామని బండేసుకుని రోడ్డు మీదకెళ్లి కొండ చూశాను. గాటు ఎడమవైపు కనబడింది. నువ్వే పొరపడ్డావనుకుని దిద్దేశాను. గాటు అనే మాట పాటలో ఇమడక తీసేశాను."

"కొండెనక రోడ్డు మీంచి సూసేవా!"

"మరి ఇంకెక్కణ్ణుంచి చూస్తారు?"

"సముద్రం మీంచి సూత్తారు, నాయనా," అన్నాడు ఎల్లారావు. "నేలమీదోడికి ఎడమైంది మాకు కుడి. ఎక్కడ నిలబడి సూత్తన్నావో అదీ లెక్క." కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "పొద్దున్న పాట ఇన్నప్పుడే అర్థమైంది. గానీ పడవలొచ్చేదాకా గుండె కుదురుగా లేదు."

"మీరూ విన్నారా అండి?"

"మొదట్నుంచీ ఇంటన్నాను. నిప్పురేడుకి ఆ పదకొండో దాంట్లో నిజంగా బుర్ర లేదు." నీలిమ నోరు నొక్కుకుంది. ఎల్లారావు లేచి రోహిత్ భుజం మీద చెయ్యేశాడు. "తప్పు సేసినోడు దాక్కుంటాడు. నువ్వు పరిగెత్తుకొచ్చేవు. ఆదివారం మీవోళ్లని తీసుకురా."

మధ్యాహ్నం నుంచి వంగిన కొమ్మలా ఉన్న రోహిత్ ఒక్కసారి నిటారుగా నిలబడ్డాడు.

* * *

తర్వాతి ఎపిసోడ్‌లో రోహిత్ పాట దిద్దలేదు. పురాణంలో ఒక వాక్యం మాత్రం కలిపాడు: ఆ పాటను తప్పుగా పాడటమే పడవవాళ్ల ఆచారం, సరైన చోటు ఉప్పుగంగకూ, ఆమె నమ్మినవాడికీ తప్ప తెలియదు.

నిశ్చితార్థమైన మర్నాడు ఎల్లారావు కాబోయే అల్లుణ్ణి పడవెక్కించాడు. జీవితంలో మొదటిసారి. తాడు విప్పబోతూ కండువా తీసి కూతురి చేతికిచ్చాడు.

"కట్టు."

"ఏంటండీ ఇది?" అన్నాడు రోహిత్.

"తాతరాయికే ఎల్తన్నాం. సోటు మాత్రం పెళ్లయ్యాకే సూపిత్తాను."

నీలిమ నవ్వుతూ అతని కళ్లకి గంతలు కట్టింది. ముడి వెయ్యడానికి అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపే పట్టింది. చెవి దగ్గర మెల్లగా అడిగింది.

"సెప్పు సూద్దాం. నానిప్పుడు ఏ పక్కనున్నాను?"

రోహిత్ తొందరపడలేదు.

"ఎక్కణ్ణుంచి చూస్తే?"